చెరువు గట్టు మీద మచ్చల పిల్లి: నీటిపిల్లా, జంగపిల్లా? ఎలా తేల్చుకోవాలి?

గట్టుకాపరి (ప్రశ్న)

కాకినాడకు దక్షిణాన కోరింగ మడ అడవిని ఆనుకుని ఉన్న చేపల చెరువులు, మురుగు కాలవల ప్రాంతం గురించి అడుగుతున్నాను. రాత్రి పదకొండు దాటాక టార్చి వేస్తే గట్టు మీద ఇంటి పిల్లికి రెండింతలున్న జంతువు కనబడుతోంది. ఒళ్లు బూడిద రంగు, మీద నల్ల మచ్చలు, తోక పొట్టి. నీళ్ల అంచున కదలకుండా చాలాసేపు కూర్చుంటుంది. ఒకరు బావురు పిల్లి అంటారు, ఒకరు పునుగు పిల్లి అంటారు. ఇంకొందరు ఏకంగా చిరుతపులి పిల్ల అని భయపడుతున్నారు.

అసలు ఇది ఏ జంతువో ఖాయంగా తేల్చుకోవడం ఎలా? చెరువులో చేపలు తగ్గడానికి నిజంగా ఇదే కారణమా? దానికి హాని చేయకుండా చెరువును కాపాడుకునే దారి ఏమిటి? వచ్చే నెల గట్టు పక్కన జమ్ము, కిక్కిస కొట్టించే పని కూడా ఉంది. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కిక్కిసపొద

గట్టుకాపరి గారూ, మీరు చెప్పినదాన్ని బట్టి అది నీటిపిల్లే అయి ఉండాలి. ఇంగ్లిషులో ఫిషింగ్ క్యాట్ అంటారు, శాస్త్రీయ నామం ప్రియోనైలూరస్ వివెరైనస్. 1833లో బెన్నెట్ అనే ఆయన దీన్ని మొదట వర్ణించినప్పుడు పునుగు పిల్లిని తలపిస్తోందని ఆ పేరు పెట్టాడు. ‘వివెరా’ అంటే పునుగు పిల్లుల జాతి. కాబట్టి మీ ఊళ్లో పునుగు పిల్లి అంటున్నవాళ్లు పొరబడ్డా, ఆ పోలిక కొత్తది కాదు. బావురు పిల్లి అనే పేరుతో చిక్కేమిటంటే, కొన్నిచోట్ల దాన్ని నీటిపిల్లికీ కొన్నిచోట్ల జంగపిల్లికీ (ఇంగ్లిషులో జంగిల్ క్యాట్) వాడతారు. అందుకని పేరు విని తేల్చుకోవద్దు, గుర్తులు చూడండి.

తోక పొట్టిదన్న గుర్తు ఒక్కటే చాలదండి. జంగపిల్లి తోక కూడా పొట్టిదే. జంగపిల్లి కూడా జమ్ము పొదల్లో, నీటి పక్కనే తిరుగుతుంది. అసలు తేడా ఒంటి మీద ఉంటుంది. పెరిగిన జంగపిల్లికి ఒంటి మీద మచ్చలుండవు. ఇసుక రంగు ఒళ్లు, పొడుగు కాళ్లు, నిటారుగా నిలబడే పెద్ద చెవులు, చెవి కొసన చిన్న నల్ల కుచ్చు ఉంటాయి. నీటిపిల్లికి బూడిదలో కాస్త ఆకుపచ్చ కలిసినట్టుండే రంగు మీద నల్ల మచ్చలు వరసలు వరసలుగా పొడవునా సాగుతాయి. నుదుటి నుంచి మెడ మీదుగా ఆరు నుంచి ఎనిమిది నల్ల గీతలు పోతాయి. చెవులు పొట్టిగా, గుండ్రంగా ఉంటాయి. చెవి వెనక భాగం నల్లగా ఉండి మధ్యలో తెల్ల చుక్క కనబడుతుంది. కాళ్లు పొట్టి, ఛాతీ బలిసి ఉంటుంది. టార్చి వెలుగులో అది మీకు వీపు పెట్టి కూర్చుంటే ముందు చెవుల వెనక భాగం చూడండి, తర్వాత ఒళ్లు.

కొలతలు కావాలంటే, తల నుంచి తోక మొదలు దాకా 57 నుంచి 78 సెంటీమీటర్లు, తోక 20 నుంచి 30 సెంటీమీటర్లు, బరువు 5 నుంచి 16 కిలోలు. మగది ఆడదాని కంటే బాగా పెద్దది.

పునుగు పిల్లిదయితే మూతి కోసుగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, తోక పొడవు, తోక నిండా స్పష్టమైన పట్టీలు. ఇక చిరుత పిల్ల మాట. 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం దగ్గర దివాన్‌చెరువు, కడియం వైపు నిజంగానే చిరుత తిరిగింది కాబట్టి ఆ భయాన్ని తీసిపారేయలేం. కానీ చిరుత తోక పొడుగు, ఒంటి పొడవులో సగానికి మించే ఉంటుంది. పెరిగేకొద్దీ మచ్చలు గుత్తులుగా, పూల ఆకారంలో కనబడతాయి. నీటిపిల్లి మచ్చలు ఒంటరి చుక్కలు, తోక ఒంటి పొడవులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే.

ఆటుపోటు

కిక్కిసపొద గారు గుర్తులన్నీ చెప్పేశారు. అది ఎలా బతుకుతుందో చెబుతాను. అది తెలిస్తేనే చెరువు దగ్గర దాని నడత అర్థమవుతుంది.

దీని బొచ్చు రెండు పొరలు. చర్మానికి అంటుకుని పొట్టిగా, చాలా దట్టంగా ఒక పొర. నీళ్లలో దిగినా ఆ పొర లోపలికి తడి త్వరగా దిగదు. దాని మీంచి పొడుగు వెంట్రుకలు. రంగు, మచ్చలు కనబడేది ఆ పైపొరలోనే. గోళ్లు మిగతా పిల్లుల్లా పూర్తిగా లోపలికి ముడుచుకోవు, కొసలు కాస్త బయటికే ఉంటాయి. అందుకే బురదలో దీని అడుగుకు ఒక్కోసారి గోటి గుర్తు పడుతుంది. దాన్ని చూసి కుక్క అడుగు అనుకునేవాళ్లు ఎక్కువ. వేళ్ల మధ్య బాతుకు ఉన్నట్టు పొర ఉంటుందని చాలాచోట్ల రాస్తారు. ఉన్న మాట నిజమే, కానీ అది మరికొన్ని పిల్లుల కంటే అంత ఎక్కువేమీ కాదు. నీళ్లలో దీన్ని నిలబెట్టేది బొచ్చు, బలమైన పొట్టి ఒళ్లు, ఇంకా దాని ఓపిక.

అవునండి, ఓపికే. వేటలో ఎక్కువ భాగం కూర్చోవడమే. లోతు లేని అంచున కూర్చుని, చేప కదలిక కనబడగానే పంజాతో గట్టు మీదికి విసురుతుంది, లేదా తల ముంచి నోటితో పట్టేస్తుంది. లోతున్నచోట గట్టు మీంచి దూకి ఈదుతుంది, నీటి అడుగున కూడా ఈదగలదు.

తిండిలో మొదటి స్థానం చేపదే. రాజస్థాన్‌లోని కేవలాదేవ్ పార్కులో పెంటికలు పరిశీలిస్తే ఆహారంలో సుమారు నాలుగింట మూడు వంతులు చేపే, మిగతాది పిట్టలు, పురుగులు, ఎలుకలు. మన మడ అడవుల్లో పీతలు కూడా బాగా తింటుంది. పాములు, కప్పలు దొరికినా వదలదు. చచ్చిన పశువు మాంసం కూడా తింటుంది.

కోరింగ లాంటి చోట ఆటు సమయం ముఖ్యం. నీళ్లు తీశాక బయటపడిన బురద మీద పీతలు, గుంటల్లో చిక్కిన చిన్న చేపలు సులువుగా దొరుకుతాయి. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, వాటి మధ్య సుమారు పన్నెండున్నర గంటల ఎడం. కాబట్టి పోటు మునిగే గీత కింద అడుగు కనబడితే అది గత పన్నెండు గంటల్లో పడ్డదే. అడుగులు వెతికేవాళ్లకు ఇంత ఖచ్చితమైన గడియారం ఇంకెక్కడా దొరకదు.

తిరిగే మేర సంగతి. నేపాల్‌లోని చిత్వన్‌లో మెడకు రేడియో కాలర్లు (ఎక్కడుందో తెలిపే పట్టీలు) పెట్టి చూస్తే ఆడవి 4 నుంచి 6 చదరపు కిలోమీటర్లు, మగది 16 నుంచి 22 చదరపు కిలోమీటర్లు తిరిగాయి. డెల్టాలో తిండి దట్టంగా దొరుకుతుంది కాబట్టి అవే అంకెలు ఇక్కడ వర్తించకపోవచ్చు. కానీ ఒక్క చెరువుకు ఒక్క పిల్లి అన్న లెక్క మాత్రం ఉండదు. మీకు కనబడేది చుట్టుపక్కల అందరి గట్ల మీదా తిరుగుతుంది.

మండపీత

చెరువు నష్టం గురించి నేను చెబుతాను. ముందు దొంగ ఎవరో తేల్చండి. మన ప్రాంతంలో రాత్రిపూట చేపలు తినేవాటిలో నీటికుక్క (ఒట్టర్) కూడా ఉంది. నష్టం ఎక్కువగా ఉంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. నీటికుక్కలు గుంపుగా దిగుతాయి, ఈదుతూ చేపలను తరుముతాయి. పిల్లి ఒంటరిగా వస్తుంది, అంచున కూర్చుంటుంది. గట్టు మీద తిని వదిలేసిన చేప ముక్క చూసి ఎవరి పనో చెప్పలేం. అడుగే సాక్ష్యం.

అడుగు పట్టే పద్ధతి ఇది. గట్టు మీద జంతువు నడిచే దారి ఎంచుకోండి, ముఖ్యంగా తూము దగ్గర, రెండు గట్లు కలిసే మూల దగ్గర. అక్కడ గట్టు వెడల్పంతా, మీటరు పొడవున మట్టి గుల్ల చేసి, సన్న ఇసుక పలచగా చల్లి, తడిపి, చెక్కతో సమం చేయండి. సాయంత్రం చీకటి పడే ముందు చేయాలి. తెల్లవారుజామున మనుషులు, కుక్కలు నడవక ముందే చూడాలి. అడుగు పక్కన పది రూపాయల నాణెం పెట్టి నిలువుగా పైనుంచి ఫొటో తీయండి. ఆ నాణెం అడ్డం 27 మిల్లీమీటర్లు, కొలతకు అదే ఆధారం. కొలిచేది అడుగు అట్టడుగున, పైఅంచున కాదు. జారుడు బురదలో పైఅంచు వెడల్పయిపోయి చిన్న జంతువు కూడా పెద్దదిగా కనిపిస్తుంది.

పిల్లి అడుగులో నాలుగు వేళ్లే పడతాయి. మెత్త వెనక అంచుకు మూడు తమ్మెలు ఉంటాయి, వేళ్లు కాస్త పక్కకు ఒరిగి ఉంటాయి. కుక్కకూ నాలుగు వేళ్లే కానీ అడుగు అటూ ఇటూ సరిసమానంగా ఉంటుంది, గోళ్లు నాలుగూ స్పష్టంగా దిగుతాయి. నీటికుక్కకు అయిదు వేళ్లు, వాటి మధ్య పొర గుర్తు, వెనక తోక ఈడ్చిన గీత. అది పెంటిక కూడా ఒకేచోట పదే పదే వేస్తుంది, పొలుసులతో, చేప వాసనతో ఉంటుంది.

ఇప్పుడు పిల్లి ఎంత తినగలదో లెక్క వేద్దాం. పది కిలోల పిల్లి రాత్రికి కిలో చేప తింటుందనుకుందాం, అదీ ఏడాదిలో 300 రాత్రులు మీ చెరువుకే వస్తుందనుకుందాం. 300 కిలోలు. పదెకరాల చెరువులో ఎకరానికి రెండు టన్నుల పట్టుబడి అనుకుంటే మొత్తం 20,000 కిలోలు. అంటే నూటికి ఒకటిన్నర. వాస్తవంలో అది పది చెరువులు తిరుగుతుంది, పీతలు, ఎలుకలు, పందికొక్కులు తింటుంది, చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేప తింటుంది. గట్లకు బొరియలు పెట్టే పందికొక్కు ఒక్కటి తగ్గినా మీకు లాభమే. చేప టన్నుల్లో తగ్గిందంటే కారణం నీళ్లలో వెతకాలి గానీ గట్టు మీద కాదు.

దీన్ని మాత్రం గట్టిగా చెబుతాను. తెల్లవారుజామున మూడు, అయిదు గంటల మధ్య పిల్లి వరసగా చేపలు లాగుతోందంటే, చేపలు అంచుకు వచ్చి తేలుతున్నాయని అర్థం. ఆ వేళ నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. మీటరు పెట్టి చూడండి. లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) వేయండి, ఆ పూట మేత ఆపండి. ఆక్సిజన్ సరిగానే ఉంటే వల వేసి నాలుగు చేపలు తీసి పేను పట్టిందేమో చూడండి. పేను పట్టిన శీలావతి, బొచ్చె గట్టుకు ఒరుసుకుంటూ తిరుగుతాయి, ఎవరికైనా దొరికిపోతాయి. వనామీ రొయ్యల చెరువయితే పిల్లి మీద నింద అసలే వద్దు. రొయ్య పోయిందంటే ముందు చెక్ ట్రేలు (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లేలు), తర్వాత ల్యాబు.

రక్షణ విషయానికొస్తే, పదెకరాల చెరువుకు కంచె వేసి పిల్లిని ఆపడం ఖర్చుకు తగ్గ పని కాదు. పావెకరం లోపు ఉండే, చేపపిల్లలు పెంచే నర్సరీకి వేయండి, అక్కడ ఉపయోగం ఉంటుంది. ఆరడుగుల చైన్‌లింక్ జాలి, అడుగు లోతు మట్టిలోకి పాతాలి, పైన అడుగున్నర బయటికి వంచి వదులుగా ఉంచాలి. బిగించి కడితే పిల్లి దాన్నే పట్టుకుని ఎక్కేస్తుంది, ఊగితే వెనక్కి తగ్గుతుంది. పీతలు చెరువులోకి రాకుండా కట్టే నీలి వల రెండడుగులే ఉంటుంది, దాన్ని ఇట్టే దూకుతుంది. పాత చేపల వలలు మాత్రం కంచెగా కట్టవద్దు. పిల్లి కాళ్లు చిక్కుకుంటాయి, పాములు చిక్కుకుంటాయి, వాటిని విడిపించబోయి మనుషులు గాయపడతారు. కరెంటు తీగ గురించి చెప్పే పని లేదు, మొదట పోయేది మేత వేసే కూలీ ప్రాణం.

చచ్చిన చేపలను గట్టు మీద పోయకండి. సున్నం వేసి మూడడుగుల లోతు పూడ్చండి. చాలా చెరువుల్లో పిల్లికి రోజూ రావడం అలవాటు చేసేది ఆ కుప్పే. కోళ్లుంటే రాత్రి గూడు తలుపు వేసి, అంగుళం జాలి కొట్టండి.

గట్టుకాపరి

మండపీత గారూ, ఆక్సిజన్ మాట మా లెక్కలోనే లేదు, ధన్యవాదాలండి. జమ్ము కొట్టించే విషయం ఎవరూ చెప్పలేదు. పొదలో పిల్లలు కనబడితే ఏం చేయాలి? పట్టించి మడ అడవిలో వదిలేయమని కొందరు సలహా ఇస్తున్నారు, అది సరైనదేనా?

కిక్కిసపొద

జమ్ము ఒక్కసారిగా అంతా కొట్టించకండి. గట్టుకు ఒక వైపు నుంచి మొదలుపెట్టి ఒకే దిశలో సాగితే లోపల ఉన్న జంతువు రెండో వైపు నుంచి తప్పుకుంటుంది. నాలుగు వైపుల నుంచీ కొడుతూ మధ్యకు వస్తే చిక్కుకుపోతుంది. నిప్పు పెట్టడం అన్నిటికంటే దారుణం, నడవలేని పిల్లలు అక్కడే కాలిపోతాయి. వీలైతే మురుగు కాలవ వైపు ఒక పట్టీ వదిలేయండి, అది గట్టు కోతనూ ఆపుతుంది.

తల్లి 63 నుంచి 70 రోజులు మోస్తుంది, మామూలుగా రెండు మూడు పిల్లలు పెడుతుంది. పుట్టినప్పుడు ఒక్కోటి సుమారు 170 గ్రాములు. నెల తిరిగేసరికి చురుగ్గా తిరుగుతాయి, రెండో నెలలో నీళ్లలో ఆడటం, మాంసం తినడం మొదలుపెడతాయి. పాలు పూర్తిగా మానడానికి ఆరు నెలలు పడుతుంది. ఎనిమిదిన్నర నెలలకు ఒళ్లు పెద్దదంత అవుతుంది గానీ పెద్ద కోరలు రావడానికి పదకొండు నెలలు కావాలి. అంటే నాలుగో నెలలో తల్లి దూరమైన పిల్లకు తనంతట తాను బతికే శక్తి ఉండదు.

కాబట్టి పిల్లలు కనబడితే అక్కడ పని ఆపేయండి. కొట్టిన జమ్ము కొంచెం తెచ్చి పైన నీడగా కప్పండి. కుక్కలను కట్టేయండి, జనాన్ని పంపేయండి. పాలు పట్టొద్దు, ఇంటికి తీసుకెళ్లొద్దు. చేతుల్లో పట్టుకుని ఫొటోలు దిగితే ఆ పూటంతా తల్లి దగ్గరికి రాలేదు. రాత్రికి అది వచ్చి ఒక్కో పిల్లనూ మెడ పట్టి మోసుకుపోతుంది. పొద్దున్న కూడా అక్కడే ఉన్నా, లేదా పగలే పిల్లలు ఆగకుండా అరుస్తున్నా అటవీ రేంజ్ ఆఫీసుకు చెప్పండి. ఒక జాగ్రత్త: జంగపిల్లి పిల్లలకు చిన్నప్పుడు చారలు, మచ్చలు ఉంటాయి, పెరిగాక పోతాయి. కనుక పిల్లను చూసి ఏ జాతో తేల్చకండి. ఏ జాతి అయినా చేయాల్సింది ఒకటే.

ఆటుపోటు

పట్టించి వేరేచోట వదలడం గురించి నేను చెబుతాను. ఒద్దండి. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూల్ జంతువు. అనుమతి లేకుండా బోను పెట్టి పట్టడం కూడా చట్టం దృష్టిలో వేటే. 2022 సవరణ తర్వాత దీనికి మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. చట్టం పక్కన పెట్టి చూసినా ఆ పని వల్ల ఫలితం ఉండదు. మడ అడవిలో అప్పటికే వేరే పిల్లుల మేరలున్నాయి, కొత్తది వాటితో కొట్లాడాలి, లేదా రోడ్లు దాటుకుంటూ వెనక్కి రావాలి. ఇక్కడ ఖాళీ అయిన మేరలోకి మరొకటి వస్తుంది, ఎందుకంటే దాన్ని రప్పించే చేపలు, జమ్ము అలాగే ఉన్నాయి.

సంఖ్యల గురించి కూడా ఒక మాట. కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 2018 లెక్కల్లో అక్కడ 115 నీటిపిల్లులున్నట్టు అంచనా వేశారు. ఒడిశాలోని చిలికా సరస్సులో 2022లో ప్రకటించిన అంచనా 176. ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ) జాబితాలో 2008లో అంతరించే ప్రమాదమున్న జాతిగా ఉండేది, 2016లో దాన్ని ఒక మెట్టు తగ్గించి హాని పొంచి ఉన్న జాతి అన్నారు. దాన్ని చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు. అభయారణ్యం లెక్కలో మీ చెరువు గట్టు ఉండదు, కానీ అక్కడి పిల్లుల్లో కొన్ని తిరిగేది మీ గట్ల మీదే. అభయారణ్యం గీత మనుషులు గీసింది, పిల్లి నీటి వెంట నడుస్తుంది. కృష్ణా అభయారణ్యం చుట్టూ ఉన్న చెరువులదీ ఇదే పరిస్థితి.

నీలిదారం

ఖాయంగా తేల్చుకోవాలంటే కెమెరా ట్రాప్ (జంతువు ముందు నుంచి పోతే దానంతట అదే ఫొటో తీసే కెమెరా) పెట్టడం మేలు. సొంత గట్టు మీద పెట్టుకోవచ్చు, అభయారణ్యం లోపల మాత్రం అటవీ శాఖ రాతపూర్వక అనుమతి ఉండాలి.

ఎత్తు నేల నుంచి 30 నుంచి 40 సెంటీమీటర్లు. పెద్దపులికి పెట్టినట్టు మోకాలి పైన పెడితే వీపు మాత్రమే వస్తుంది. దారికి మూడు నాలుగు మీటర్ల దూరం ఉండాలి. దారికి ఎదురుగా కాకుండా అడ్డంగా పెడితే పక్క మచ్చలు పడతాయి. ఎడమ పక్క మచ్చలు, కుడి పక్క మచ్చలు ఒకేలా ఉండవు. ఒక్క కెమెరాతో ఒక రోజు ఎడమ, ఇంకో రోజు కుడి వస్తే అవి రెండు పిల్లులా, ఒకటా అన్నది తేలదు. ఎన్ని ఉన్నాయో తెలుసుకోవాలంటే దారికి రెండు వైపులా రెండు కావాలి, ఒకదాని ఫ్లాష్ మరొకదాని కంట్లో పడకుండా కొంచెం ఎడంగా. జాతి తెలిస్తే చాలనుకుంటే ఒకటి సరిపోతుంది.

తూర్పుకు, పడమటికి మొహం పెట్టకండి, ఎండకు ఖాళీ ఫొటోలు వందల్లో వస్తాయి. ముందున్న గడ్డి నాలుగు మీటర్ల మేర కోసేయండి. నీటి అలలు కూడా సెన్సరును కదిలిస్తాయి కాబట్టి చెరువు వైపు కాకుండా గట్టు వైపు చూపించండి. మరో ఇబ్బంది, ఈ సెన్సరు పట్టేది ఒంటి వేడికీ చుట్టూ గాలి వేడికీ ఉన్న తేడాను. ఉక్కపోత రాత్రుల్లో, అందులోనూ అప్పుడే నీళ్లలోంచి లేచిన తడి పిల్లి ముందు నుంచి పోతే ఆ తేడా చాలక కెమెరా తప్పిపోతుంది. అందుకని సెన్సరు సున్నితత్వం ఎక్కువలో పెట్టండి, ఒక్కో కదలికకు మూడు ఫొటోలు వచ్చేలా పెట్టండి. అది నీళ్లలోంచి లేచేచోట కాకుండా నడిచి వచ్చే దారిలో కట్టడం ఇంకా మంచిది.

ఉప్పుగాలికి బ్యాటరీ స్ప్రింగులు తుప్పు పడతాయి. లోపల సిలికా జెల్ పొట్లం వేసి పది రోజులకోసారి మార్చండి, తలుపు రబ్బరు అంచు తుడిచి మూయండి. కాలవ పక్కన కడితే పోటు గీత కంటే రెండడుగులు పైన కట్టండి. అమావాస్య, పౌర్ణమి పోట్లు మామూలు వాటి కంటే ఎత్తు వస్తాయి, చాలా కెమెరాలు మునిగేది అప్పుడే. చేప నూనె పూసి ఆకర్షించడం ఒద్దు. గట్టుకు రప్పించే అలవాటు మనమే నేర్పినట్టవుతుంది, ఊరకుక్కలు కూడా చేరతాయి.

రాత్రి ఫొటో నలుపు తెలుపులో వస్తుంది కాబట్టి రంగు గురించి ఆలోచించకండి. నుదుటి గీతలు, ఒంటి చుక్కల వరస, చెవి వెనక తెల్ల చుక్క, ఈ మూడూ చూడండి. కుక్కలు తిరిగే గట్టయితే కెమెరాలో వాటి సమయం కూడా రాసుకోండి. అవి మానేసిన గంటల్లోనే పిల్లి వస్తుంటే దారి, వేళ మీకు దొరికినట్టే. పదిహేను రాత్రులయ్యాక కార్డు తీసి చూడండి. ఏమీ పడకపోతే కెమెరాను అదే గట్టు మీద తూము వైపుకు మార్చి ఇంకో పదిహేను రాత్రులు ఉంచండి.